గ్లాస్గోలో తాపీమేస్త్రి కుమారుడు

(ఒక పూర్వ విద్యార్థి)

పరదేశమున నా విద్యార్థి జీవితమునుగూర్చి మన వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాసి పంపుమని సంపాదకులు నన్ను కోరిరి. ఇట్టి వ్యాసములను నేనును ఇక్కడ చదువుకొను దినములలో మిక్కిలి ఆసక్తితో చదివియుంటిని. వానిలో మంచు కురియుటయు, మహాసౌధములును, వింత యంత్రములును వర్ణింపబడి యుండెడివి. వ్రాసినవారు ఎన్నడైనను సిగ్గుపడినట్లుగాని, గిన్నెలు తోమినట్లుగాని కనబడెడిది కాదు. నాకు ఈ రెండును సంభవించినవి. కావున ఉన్నదున్నట్లు వ్రాయుచున్నాను. పాఠకులు మన్నింతురుగాక.

మన పాత భవనమునకు దక్షిణపువైపున నున్న పొడుగుపాటి వసారాను మీరందరు ఎరుగుదురు. నేను ఎనిమిదవ తరగతిలో ఉండగా దాని స్తంభముల పూత రాలిపోయినందున మరమ్మతు జరిగెను. ఆ పనికి వచ్చిన తాపీమేస్త్రి మా తండ్రిగారు. విరామపు గంట కొట్టగానే బాలురమందరము వసారాలోనికి వచ్చితిమి. మా తండ్రిగారు మోకాళ్లవరకు సున్నపు మరకలతో నిచ్చెనమీద నిలిచియుండిరి. నా ప్రక్కనున్న మిత్రుడు “ఆ మేస్త్రి నీకు తెలిసినవాడా?” అని అడిగెను. “మా ఊరివాడు” అని చెప్పి నేను ముందునకు సాగిపోతిని. మా తండ్రిగారు ఒక్కసారి క్రిందికి చూచి, మరల గోడవైపు తిరిగి పనిచేసికొనిరి. ఆ మాట వారు వినిరో లేదో చాలకాలమువరకు అడుగలేకపోతిని.

తరువాత నేను వాస్తుశిల్ప విద్యలో ప్రవేశించి, మన దేశమున ఐదేండ్ల పట్టపరీక్షను ముగించి, పై చదువునకై 2022వ సంవత్సరము సెప్టెంబరు నెలలో స్కాట్లండు దేశమునకు పోతిని. నా చదువునకై బ్యాంకున అప్పు చేయబడెను. మా తల్లిగారి మెడలోని గొలుసు తాకట్టుకు పోయెను. ప్రయాణమునకు ముందు నింపవలసిన కాగితములలో ఒకచోట “తండ్రి వృత్తి” అని యుండెను. నేను కొంచెముసేపు ఆలోచించి “కట్టడముల కంట్రాక్టరు” అని వ్రాసితిని. మా తండ్రిగారు అప్పుడప్పుడు చిన్న ఇండ్లను గుత్తకు తీసికొని కట్టినమాట నిజమే. అయినను అది నిజము చెప్పుటకై వ్రాసిన వ్రాత కాదు.

గ్లాస్గో పట్టణము క్లైడ్ నదికి ఇరుప్రక్కల వ్యాపించియున్నది. జనసంఖ్య సుమారు ఆరు లక్షలు. ఆ పట్టణమంతయు రాతితో కట్టినట్లు తోచును. పాత వీధులలో నాలుగేసి అంతస్తుల ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని వరుసగా నిలిచియుండును. వీనిని అక్కడివారు టెనిమెంట్లు అందురు. ఒక ద్వారముగుండ లోనికి పోయినచో అందరికి కలిపి ఒకటే మెట్లదారి. ప్రతి మలుపునందును రెండు మూడు కుటుంబముల తలుపులుండును. పాతవి లేత పసుపురంగు ఇసుకరాతితో కట్టినవి. ఆ రాయి చుట్టుప్రక్కల గనులనుండి వచ్చెడిది. 1890వ సంవత్సరము మొదలుకొని దక్షిణమునుండి రైళ్లమీద ఎఱ్ఱరాయి మిక్కుటముగా రాసాగెను. బొగ్గుపొగ వలన చాలకాలము ఆ గోడలన్నియు నల్లబడి యుండినవట. అట్టి ఇంటిలో మూడవ అంతస్తున ఒక గదిని మరి ఇద్దరు విద్యార్థులతో కలిసి అద్దెకు తీసికొంటిని.

నా దినచర్య ఇట్లుండెను. డిసెంబరు నెలలో అక్కడ ఉదయము ఎనిమిదిన్నర దాటినగాని సూర్యుడుదయింపడు. మధ్యాహ్నము మూడుముప్పావుకే అస్తమించును. చీకటిలో లేచి, 1896వ సంవత్సరమునుండి భూమిక్రింద వలయాకారముగా తిరుగుచున్న చిన్న రైలునెక్కి విద్యాలయమునకు పోయెడివాడను. పగలంతయు పటములు గీయుటయు, అట్టతో నమూనాలు చేయుటయు పని. కత్తి జారి వ్రేళ్లు తెగుట సామాన్యము. విదేశీ విద్యార్థులు చదువు జరుగు దినములలో వారమునకు ఇరువది గంటలకు మించి కూలిపని చేయరాదను నిబంధన కలదు. ఆ ఇరువది గంటలును నేనొక భోజనశాలలో గిన్నెలు తోమితిని. మేస్త్రి కుమారుడనని చెప్పుకొనుటకు సిగ్గుపడిన నాకు, అక్కడ గిన్నెలు తోముటకు సిగ్గు కలుగలేదు. ఎందుకనగా నన్నెరిగినవారు అక్కడ ఎవ్వరును లేరు! ఇంటికి వచ్చి అన్నము, పప్పు వండుకొని, మా తల్లిగారు పంపిన గోంగూర పచ్చడితో తినెడివాడను. ఒకనాడు తాలింపు పొగకు ఇంటిలోని అగ్నిసూచక గంట మ్రోగగా, ఇరుగుపొరుగువారందరు రాత్రి దుస్తులతో మెట్లు దిగి వీధిలో నిలిచిరి. వారిని క్షమింపవేడి, ఆవాలు కిటికీ తెరచిన తరువాతనే వేయవలెనని నేర్చుకొంటిని.

మొదటి ఆరు నెలలలో నాకు కలిగిన పరాభవమునుగూర్చి చెప్పవలెను. ఒక చిన్న పఠనాలయమునకు నమూనా గీయుమని మమ్ము నియోగించిరి. నేను గర్వముతో మన పాఠశాల వసారావంటి వసారానొకదానిని దక్షిణమున పెట్టి, చూరును బాగుగా క్రిందికి దింపితిని. పరీక్షకులలో ఒకరు పటమును చాలసేపు చూచి, “అబ్బాయీ, ఎండ లేని ఊరిలో నీవు నీడను అమ్ముచున్నావు” అనిరి. అందరు నవ్విరి. నేనును నవ్వినట్లు నటించి, రాత్రి గదికి వచ్చి కంటనీరు పెట్టుకొంటిని.

అయితే వారు చెప్పినది నిజము. గుంటూరు సీమ భూమధ్యరేఖకు ఉత్తరముగా 16వ అక్షాంశమున ఉన్నది. గ్లాస్గో దాదాపు 56వ అక్షాంశమున ఉన్నది. డిసెంబరు మధ్యాహ్నమున మనకు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున నిలుచును; అక్కడ 11 డిగ్రీలే. ఎదుటి ఇంటి కప్పును దాటి వచ్చుటయే అతనికి గగనము. అక్కడ మబ్బు లేని దినములు తక్కువ. మబ్బు కమ్మిన ఆకాశమున వెలుగు నడినెత్తిన అధికము. క్షితిజముకంటె అక్కడ సుమారు మూడురెట్లుండును. వసారా కప్పు ఆ నడినెత్తి వెలుగునే మూసివేయును. మనకు ప్రాణాధారమైన నీడ వారికి చీకటి యగును. ఇంటినుండి తెచ్చుకొన్నదెల్ల ప్రతిచోటను పనికిరాదని ఆనాడు నాకు తెలిసెను. ఇక నావద్ద ఇంటినుండి తెచ్చినది ఏదియు పనికిరాదనియే తలంచితిని.

మరుసటి సంవత్సరము వసంతకాలమున మమ్మొక పనిశాలకు తీసికొనిపోయిరి. అక్కడ ముసలి తాపీమేస్త్రి యొకరు పాత రాతి గోడల మరమ్మతునుగూర్చి బోధించిరి. పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పుట్టినది 1824వ సంవత్సరమున. ఇరువదవ శతాబ్దమున ఆ పట్టణమున చాల ఇండ్ల రాతి అతుకులను సిమెంటుతో పూడ్చిరి. గట్టిది గదా, మేలు చేయునని వారి తలంపు. కాని ఇసుకరాయి నీటిని పీల్చును. పీల్చిన నీరు ఆరుటకు దారి కావలెను. సున్నపు అతుకు ఆ దారి నిచ్చును, సిమెంటు మూసివేయును. అప్పుడు నీరు రాతి ముఖముగుండనే బయటికి రాజూచును. ఉప్పు పొంగి, చలికి నీరు గడ్డకట్టి, రాయి పొరలుపొరలుగా రాలిపోవును. “అతుకు రాతికంటె మెత్తగా ఉండవలెను. చెడినచో అతుకు చెడవలెను, రాయి చెడరాదు” అని ఆ మేస్త్రి చెప్పిరి. పిమ్మట ఒక తొట్టిలోని సున్నమును తాపీతో తీసి, “దీనినెరిగినవారు మీలో ఎవరైనను కలరా?” అని అడిగిరి. ఆ వాసన నాకు తెలియును. మా ఇంటి పెరటిలోని వాసన. అయినను నేను చేయి యెత్తలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి వేళ మా ఇంటికి ఫోను చేసితిని. మన దేశమున అప్పుడు తెల్లవారుచుండెను. మా తండ్రిగారు పనికి పోబోవుచుండిరి. సున్నమునుగూర్చి అడిగితిని. వారి మాటలను వారు పలికినట్లే వ్రాయుచున్నాను.

“సున్నమా? గుంటలో పోసి నీళ్లు పెట్టాలి. పదిహేను రోజులకి తక్కువైతే నేను ముట్టుకోను. మీ తాత నెల ఉంచేవాడు. కరక్కాయలు నలగగొట్టి, బెల్లం వేసి నానబెట్టిన నీళ్లు కలిపితే పట్టు బాగుంటుంది. ఇసకతో కలిపి గానుగలో తిప్పాలి. ఇప్పుడు ఎద్దు గానుగలు ఎక్కడున్నాయిలే.” కొంచెముసేపు ఊరకుండి, “ఏం అబ్బాయీ, ఆ దేశంలో కూడా సున్నమే వాడతారా?” అని అడిగిరి.

“వాడుతారు నాయనా. మరచిపోయి, మళ్లీ నేర్చుకుంటున్నారు.”

“మంచిదే” అని వారు ఫోను పెట్టివేసిరి.

మరునాడు పనిశాలలో గోడకు అతుకులు పూడ్చు పని మా చేతులకే ఇచ్చిరి. పని ముగిసిన తరువాత నేను తడిసిన గోనెపట్టాను తెచ్చి గోడపై కప్పితిని. మా తండ్రిగారు ఎండకు సున్నము త్వరగా ఆరి బీటలు వారకుండ కప్పెదరు. అక్కడ గాలికి ఆరకుండను, మంచుకు గడ్డకట్టకుండను కప్పుదురు. శత్రువులు వేరు, గోనె ఒక్కటే. ఆ గోనెయు ఒకప్పుడు మన వంగదేశపు జనుముతో స్కాట్లండులోని డండీ పట్టణమున నేయబడెడిది. ముసలి మేస్త్రి నన్ను చూచి, “ఇంకను చెప్పలేదే, ఇది నీకెవరు నేర్పిరి?” అని అడిగిరి. నా నోట ఆ మాట వచ్చుటకు కొంత తడవు పట్టెను. “మా తండ్రి తాపీమేస్త్రి” అంటిని. వారు తమ చేతిని తుడిచికొని, నా చేతిని పట్టుకొని ఊపి, “అట్లయిన నీవు మాలోనివాడవే” అనిరి.

గ్లాస్గోకు పోవు వాస్తు విద్యార్థులు మాకింటాష్ అను శిల్పి (1868–1928) కట్టించిన కళాశాల భవనమును చూడవలెనని కోరుకొందురు. 1909వ సంవత్సరమున పూర్తియైన ఆ భవనము 2014లోను, మరల 2018లోను అగ్నిపాలయ్యెను; నేను చూచినది దాని చుట్టు కట్టిన సారువలను మాత్రమే. దానికంటె నన్నాకర్షించినది ట్రేడ్స్ హాల్ అను భవనము. రాబర్ట్ ఆడమ్ అను శిల్పి గీచిన పటము ప్రకారము కట్టబడి, 1794వ సంవత్సరమున తెరువబడినది. అది ఆ పట్టణపు పదునాలుగు చేతివృత్తుల సంఘములకు చెందిన సభాభవనము. కమ్మరులు, దర్జీలు, నేతగాండ్రు, రొట్టెలు చేయువారు మున్నగువారితోపాటు తాపీవారును ఆ పదునాలుగింటిలో ఉన్నారు. పట్టణము నడిబొడ్డున అట్టి భవనము గల వృత్తిని నేను కాగితముపై దాచితినే యని ఆ గుమ్మమునొద్ద నాకు తోచెను.

చివరి సంవత్సరపు వ్యాసమునకు మన దేశపు పాత సున్నపు కట్టడముల మరమ్మతును విషయముగా తీసికొని, ఉదాహరణమునకు మన పాఠశాల వసారాను ఎన్నుకొంటిని. నేను అక్కడ ఉండగా ఇక్కడ కొలుచువారెవరు? మా తండ్రిగారే అనుమతి పొంది, ఒక ఆదివారమంతయు టేపుతోను, దారమున వ్రేలాడు ఇనుపగుండుతోను కొలిచి, నోటుపుస్తకపు కాగితములపై వ్రాసి, ఫోటోలు తీయించి పంపిరి. కొలతలన్నియు అడుగులలోను, అంగుళములలోను ఉండెను. నేను వానిని మిల్లీమీటర్లలోనికి మార్చుకొంటిని. ఒక స్తంభపు బొమ్మ ప్రక్కన వారి చేతివ్రాతతో ఇట్లుండెను: “కింద ఎవరో సిమెంటు వేశారు. అక్కడ బాగానే ఉంది. దాని పైన మూడడుగుల ఎత్తున ఉప్పు పొంగింది.” పునాదినుండి ఎక్కు చెమ్మ సిమెంటు పూతచే అడ్డగింపబడి ఇంకను పైకెక్కునను శాస్త్రవిషయము ఆ మూడు వాక్యములలో ఉన్నది. పరీక్షకులు ఆ కాగితమునే ఎక్కువసేపు చూచిరి. పటముల మూలను, కొలతలు తీసినవారి పేరు వ్రాయవలసిన చోట, మా తండ్రిగారి పేరును, దానిక్రింద “తాపీమేస్త్రి” అనియు వ్రాసియుంటిని. ఆ ఒక్క మాట వ్రాయుటకు నాకు చాల సంవత్సరములు పట్టెను.

2024వ సంవత్సరమున తిరిగివచ్చి, మా తండ్రిగారితో కలిసి మన వసారాను చూడబోతిని. సెలవు దినము, బాలురెవ్వరును లేరు. ఎండ మెట్లవరకు వచ్చి ఆగియుండెను. ఆ స్తంభమునొద్ద నిలిచి, ఎనిమిదవ తరగతినాటి మాటను ఎట్టకేలకు బయటపెట్టితిని. “నాయనా, ఆ రోజు నేనన్న మాట విన్నావా?”

మా తండ్రిగారు వ్రేలితో పూతను తట్టి, గుల్ల పలుకుచున్నదేమో విని, “విన్నాను” అనిరి. తరువాత, “నువ్వు అబద్ధమేం చెప్పలేదుగా, మీ ఊరివాణ్ణే గదా” అని చిన్నగా నవ్విరి. నేను నవ్వలేకపోతిని. ఇద్దరము కూర్చుండి ఆ వేసవిలో తీసివేయవలసిన సిమెంటు పూతకు లెక్క వేసితిమి.

సోదర విద్యార్థులారా! మీలో పలువురు ముందుముందు దూరదేశములకు పోగలరు, పోవుటయు మంచిదే. అక్కడ మీ చేతికి ఒక కాగితమిత్తురు. దానిలో “తండ్రి వృత్తి” యను గడి యుండును. ఆ గడిని నింపుటకు ఆలోచింపకుడు.