గని పేరే జట్టు పేరు

అమెరికాలోని విశ్వవిద్యాలయ పట్టణాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సెప్టెంబరు మొదలుకొని నవంబరు చివరిదాకా శనివారమంటే కళాశాల ఫుట్‌బాల్ రోజనే సంగతి ఇప్పటికి బాగా అలవాటైపోయింది. బంతిని చేతబట్టి, ఎదుటి జట్టు గోడకట్టి నిలబడితే దాన్ని బద్దలు కొట్టుకుంటూ చొచ్చుకుపోయే ఆ ఆట చరిత్రలో 1905 సీజన్ అపఖ్యాతి మూటగట్టుకున్నది. సీజన్ ముగిసేనాటికి 18 మంది ఆటగాళ్లు గాయాలతో మరణించారని షికాగో ట్రిబ్యూన్ పత్రిక లెక్కగట్టింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆ ఏడాది అక్టోబరులోనే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి ఆటలో మొరటుతనం తగ్గించమని హితవు చెప్పగా, 1906లో బంతిని ముందుకు విసిరే ‘ఫార్వర్డ్ పాస్’కు నిబంధనల్లో చోటు దొరికింది.

ఆ 1905 ప్రాంతంలోనే, ఇక్కడ మైసూరు రాజ్యంలో, కోలారు బంగారు గనుల ఉత్పత్తి శిఖరానికి చేరింది. శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తు 1902లోనే దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీదుగా ఇక్కడి యంత్రాలను తిప్పసాగింది; బెంగుళూరు వీధులకు ఆ వెలుగు అందింది మరి మూడేళ్లకు. లండన్‌లో ఉండి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ నడిపించిన మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ గనులు వేల అడుగుల లోతుకు దిగుతున్న ఆ కాలంలో, అంతటి సంపద పుట్టిన చోట పై చదువుకు ఒక్క కళాశాల లేదు. చదవదలచిన పిల్లవాడు బెంగుళూరు సెంట్రల్ కాలేజీ వంటిచోటికి వెళ్లవలసిందే, అదీ 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలకే. తెలుగు నేల వైపున మదనపల్లెలో అనీబిసెంటు చొరవతో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది 1915లో. కాబట్టి ‘కళాశాల జట్టు సీజన్’ అనే మాటను కోలారు గనులకు అన్వయించాలంటే, కళాశాల స్థానంలో గనిని నిలిపి చూడక తప్పదు.

గనుల్లో పనిచేసినవారిలో అధికసంఖ్యాకులు తమిళులైనా, నేటి చిత్తూరు ప్రాంతం నుంచి వచ్చిన తెలుగువారికీ ఆ శ్రమలో గణనీయమైన పాలుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకాలు ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల్లో ఉండేవి. ఊరూరా తిరిగి మనుషులను పోగుచేసి, ముందుగా బయానా ఇచ్చి, గనికి తీసుకువచ్చి వారి హాజరుకు పూచీపడే మధ్యవర్తిని మేస్త్రీ అనేవారు. అలా వచ్చినవారు ‘లైన్లు’ అని పిలిచే తడికెల, మట్టిగోడల వరుస ఇళ్లలో ఉండేవారు. కోలారు జిల్లాలో తెలుగు ఇంటిభాషగా ఉన్న పల్లెలు కోకొల్లలు కనుక, వచ్చినవారికి మైసూరు రాజ్యం పరాయి దేశంలా తోచి ఉండదు. పరాయిగా తోచినది గని సైరన్ చెప్పిన కాలమే.

ఇంగ్లండు నుంచి, ముఖ్యంగా అక్కడి కార్న్‌వాల్ ప్రాంతం నుంచి వచ్చిన ఉద్యోగులు తమ క్లబ్బులనూ ఆటలనూ వెంట తెచ్చుకున్నారు. క్లబ్బు గుమ్మం దొరలకే పరిమితమైనా కాలితో ఆడే ఈ ఫుట్‌బాల్‌ను ఆ గుమ్మం లోపలే నిలిపి ఉంచడం సాధ్యం కాలేదు. ఆటకు కావలసినవి ఒక బంతీ, కాస్త చదునైన నేలా. నేల మాత్రం కఠినమైనది: సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున, వర్షం తక్కువగా పడే ఈ పీఠభూమిలో గరుకు మట్టి, గులకరాళ్లు సర్వసాధారణం. భారతీయ ఆటగాళ్లు అత్యధికులు వట్టి కాళ్లతో ఆడిన కాలమది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన మోహన్ బగాన్ జట్టులోనూ బూట్లు తొడిగినవాడు ఒక్కడే.

విద్యార్థికి పరీక్షలు ఎటువంటివో గని ఆటగాడికి షిఫ్టు అటువంటిది. రోజును మూడు పాళ్లు చేసి, ఒక్కొక్క పాలు ఒక్కొక్క ముఠాకు పంచడాన్ని షిఫ్టు అంటారు. రాత్రి షిఫ్టు ముగించి, ‘కేజ్’లో, అంటే ఇనుప తాడుకు వేలాడే పంజరంలో, పైకి వచ్చినవాడు సాయంత్రం ఆటకు నిలవాలంటే పగలంతా నిద్రపోగలగాలి, లేదా పై అధికారి దయతో షిఫ్టు మార్పించుకోగలగాలి. జట్టును ఎంపిక చేసేది కెప్టెన్ కంటే హాజరు పట్టీయే అనడం అతిశయోక్తి కాదు. ఇక ప్రాణాపాయం సంగతి: భూమి ఒత్తిడికి రాతిపొర హఠాత్తుగా పగిలి విరుచుకుపడే ప్రమాదాన్ని ఆనాడు ‘ఎయిర్ బ్లాస్ట్’ అనేవారు. అమెరికా ఫుట్‌బాల్ మైదానాల్లో గాయాలు, మరణాలు ఒక దేశాధ్యక్షుణ్ణి కదిలించాయి. గనిలో మరణాలు ఏటేటా ప్రభుత్వ నివేదికలో ఒక పట్టికగా అచ్చయ్యాయి. ఈ తేడాకు కారణం ఆటలో లేదు, చచ్చిపోయినవాడు ఎవరి కొడుకన్న దానిలో ఉంది.

మైసూరు రాజ్యపు ఫుట్‌బాల్ ప్రతిష్ఠ తరువాతి దశాబ్దాల్లో పెరిగింది. 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచి, మరుసటి ఏడాది నిలబెట్టుకున్నది. 1946-47లో మైసూరు జట్టు సంతోష్ ట్రోఫీ అందుకున్నది. ఈ కథను బెంగుళూరు కంటోన్మెంటు, రెజిమెంట్లు, కళాశాలలతో మొదలుపెట్టే రచయితలు, ఆ నగరానికి రైలులో కొన్ని గంటల దూరాన వేలాదిమంది యువకులు పని, ఆట ఒకే యజమాని కింద సాగించిన గనుల పట్టణాన్ని పక్కన పెట్టడం పెద్ద లోపమే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత గని కార్మికుల కుటుంబాలు బెంగుళూరుకూ, గల్ఫుకూ, ఆస్ట్రేలియాకూ, అమెరికాకూ చెదిరిపోయాయి. బంతి మీద సంవత్సరం రాసి, చేతులు కట్టుకుని కూర్చున్న జట్టు ఫొటోలు ఎవరి పెట్టెల్లోనైనా ఉంటే, తాతల పేర్లు తెలిసినవారు బతికి ఉండగానే వెనుక వైపు ఆ పేర్లూ, గని పేరూ రాయించి, ప్రతిని ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అందజేయాలని ప్రవాస తెలుగువారికి విన్నపం.