ఇత్తడి గుణము

ఇత్తడి సామాను తోముట, చింతపండుతో మెఱుగు పెట్టుట, పండుగకు ముందు అటుకమీది గుండిగలను దింపుట మన గృహిణులకు క్రొత్త సంగతులు కావు. అజ్జరపు బిందెను, బుడితి చెంబును, పెంబర్తి పనితనమును మెచ్చుకొనని తెలుగు ఇల్లాలు అరుదు. ఆ ఇత్తడియే వేటతుపాకి తూటాకు ఒడలై యుండుననియు, దానిని వెదకి తెచ్చి, కడిగి, కాచి, కొలిచి పలుమారులు వాడుకొను కుటుంబములు కలవనియు నేను అమెరికాలోని విస్కాన్సిను రాష్ట్రమునకు కాపురము వచ్చిన పిదపనే తెలిసికొంటిని.

వేట మాట యెత్తగానే సోదరీమణులలో కొందఱు మొగము చిట్లింతురు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అది మనకు న్యాయమే. ఇచట పద్ధతి వేఱు. ఈ ప్రాంతమున తెల్లతోక జింకలు మెండు. ఏటేట నవంబరు నెలలో థాంక్స్‌గివింగు పండుగకు ముందు శనివారము మొదలుకొని తొమ్మిది దినములు తుపాకి వేటకు అనుమతి యుండును. 1973 జనవరి 1వ తేదీనాడు గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేటకు కావలసిన శిక్షణ పొందిననే కాని అనుమతిపత్రము లభింపదు. పల్లెలలోని కుటుంబములు ఆ మాంసమును చలికాలమంతయు దాచుకొని వండుకొందురు. నేను మాంసము ముట్టనిదానను. అయినను పొరుగింటివారి విస్తరిని గూర్చి తీర్పు చెప్పుట నా పని కాదు. నేను వ్రాయబూనినది ఇత్తడిని గూర్చి, దానివెంట ఒక వృద్ధురాలి మనసును గూర్చి.

మా పొరుగింటి యామెకు ఎనుబదియేండ్లు దాటినవి. మనసులో నేనామెను అవ్వగారనియే పిలుచుకొందును. భర్త పోయి నాలుగేండ్లయినది. ఆయన వాడిన రెమింగ్టను 722 తుపాకి ఇనుప బీరువాలో తాళము వేసి యున్నది. పదునెనిమిదేండ్ల మనుమడు శిక్షణ ముగించి, తాతగారి తుపాకితోనే తన మొదటి వేట యని పట్టుపట్టెను. తుపాకి యున్నది, తూటాలు లేవు.

ఇచట తూటా సంగతి కొంత చెప్పవలెను. తూటా యనగా నాలుగు వస్తువుల కూర్పు. కొనయందు గుండు, లోపల మందు, అడుగున దెబ్బ తగిలిన నిప్పు రాల్చు చిన్న టోపీ, దీనిని ప్రైమరు అందురు, వీనినన్నిటిని పట్టియుంచునది ఇత్తడి గుల్ల. తుపాకి పేల్చినంతనే గుండు పోవును, మందు కాలిపోవును, టోపీ పనికిమాలిపోవును. గుల్ల మాత్రము మిగులును. దానిని శుభ్రము చేసి, క్రొత్త టోపీ పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగించినచో మరల తూటా యగును. సాధారణపు తూటాల విషయమున ఇది పొదుపు. అరుదైన తూటాల విషయమున ఇదియే గతి.

అవ్వగారి తుపాకికి కావలసినది .257 రాబర్ట్సు అను తూటా. గుండుయొక్క అడ్డుకొలత అంగుళమున వేయింట 257 వంతులగుటచే ఆ అంకె వచ్చినది. జర్మనీలో మౌజరువారు 1892లో రూపొందించిన 7×57 తూటా గుల్లకు మెడ సన్నము చేసి, నెడ్ రాబర్ట్సు అను అమెరికా దేశస్థుడు దీనికి మూలరూపము కల్పించెను. 1934లో రెమింగ్టను సంస్థవారు దీనిని అంగడికి తెచ్చిరి. 1955లో .243 వించెస్టరు అను తూటా వచ్చినది మొదలు దీని ప్రాభవము తగ్గినది. దీనికి తల్లివంటిదైన 7×57 తూటాను ఇంగ్లాండులో రిగ్బీవారు .275 అను పేర వాడుకలోనికి తెచ్చిరి. కుమావూను కొండలలో నరభక్షకియైన చంపావతి పులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్టుకు బహుమానముగా వచ్చిన తుపాకి ఆ తూటాను పేల్చునదే. కావున ఈ వంశమునకు మన దేశముతో కొంత చుట్టరికము కలదు.

2020 నాటి మహమ్మారి కాలమున అమెరికా అంగళ్లలో తూటాలకు గొప్ప కరవు వచ్చెను. అట్టి యెడల కర్మాగారములు ఎక్కువ అమ్ముడుపోవు రకములనే ముందు చేయును, అరుదైనవి వెనుకబడును. మేము తిరిగిన అంగళ్లలో ఒక్కదానియందును .257 రాబర్ట్సు తూటా గాని, ఖాళీ గుల్ల గాని కనబడలేదు. అవ్వగారికి కారు నడుపుట మాన్పించిరి. కావున ఆ తిరుగుడులో సారథ్యము నాది. తుపాకి సంతలకు పోయితిమి. గతించినవారి సామాను అమ్ము ఇండ్లకు పోయితిమి. ఆమె కాఫీ డబ్బాలను క్రుమ్మరించి, కళ్లజోడు సవరించుకొని, ఒక్కొక్క గుల్ల అడుగున చెక్కిన అక్షరములను చదువును. మన పెద్దలు బిందెమీది పేరు చదివి ఏ యింటిదో గుర్తించినట్లు ఆమె గుల్లల జాతిని గుర్తించును. నలువది యేండ్లు భర్త ప్రక్కన కూర్చుండి గుల్లలను ఏఱుట, మెడలు కత్తిరించుట, కొలుచుట ఆమె చేసిన పనులే. మందు తూచుట మాత్రము ఆయన యెవ్వరికిని విడువలేదట.

మూడవ సంతలో 7×57 గుల్లలు 62 దొరకినవి. తల్లి దొరకినచో బిడ్డను చేయవచ్చునని ఆమె సంతోషించెను. ఇంటికి తెచ్చి చూడగా తొమ్మిదింటికి అడుగున లోపల ఒక రంధ్రమునకు బదులు రెండు చిన్న రంధ్రములున్నవి. అట్టివానిని బెర్డాను పద్ధతివి యందురు. ఒక రంధ్రము గలవి బాక్సరు పద్ధతివి. బెర్డాను అమెరికావాడు, ఆయన పద్ధతి యూరపులో నిలిచినది. బాక్సరు ఇంగ్లీషువాడు, ఆయన పద్ధతి అమెరికాలో నిలిచినది. కూతురు పొరుగూరికి, కోడలు మన యింటికి వచ్చినట్లు! రెండు రంధ్రములవానినుండి పాత టోపీని ఊడదీయుట శ్రమ. కావున వానిని ప్రక్కన పెట్టిరి. మెడ చీలినవి ఐదు. వంచిన సన్నని తీగను లోనికి దింపి అడుగు చేరువను తడివినపుడు గాడి తగిలినవి నాలుగు. వెలుపల నిగనిగలాడుచున్నను ఆ గాడియొద్ద గుల్ల రెండు తునుకలగును; వెనుకకు తన్ను వేడి వాయువు పేల్చువాని కన్నుల కపాయము. మిగిలినవి 49 కావలె ననుకొనకుడు; నేను రెండుసార్లు లెక్కించితిని, 44.

ఇక రూపము మార్చుట. ఊరి తుపాకి సంఘములోని వృద్ధ సభ్యుడొకడు తన పనిముట్లతో వచ్చి సాయపడెను. గుల్లకు పలుచగా నూనె రాచి, ఉక్కు అచ్చులోనికి మెల్లగా నొక్కినచో మెడ సన్నమగును. నూనె తక్కువైన గుల్ల అచ్చులో ఇరుకును. ఎక్కువైన భుజము సొట్టపోవును. మూడు అట్లు పాడైనవి. సన్నమైన మెడ మందమెక్కును, కొంత పొడుగగును. కావున గుల్ల పొడుగు 2.233 అంగుళములు మించకుండ కత్తిరింపవలెను. గుండు బిగించిన పిదప మెడ అడ్డుకొలత అంగుళమున వేయింట 290 వంతులు మించరాదు. మించినచో తుపాకి గొట్టము గుండును తేలికగా వదలదు; ఒత్తిడి మితిమీరును.

ఇత్తడి వంచిన కొలది గట్టిపడును. గట్టిపడిన కొలది పెళుసగును. ఈ గుణము మన కంచరివారు తరతరములుగా ఎఱిగినదే. కొంతసేపు కొట్టి, కొలిమిలో కాచి, మరల కొట్టుటయే వారి పని. గుల్లలకును ఇదే విధి. వానిని పళ్లెములోని నీటియందు నిలువబెట్టి మెడకు మాత్రము మంట చూపి, రంగు మారగానే నీటిలోనికి పడద్రోయుదురు. అడుగుభాగము నీటిలో నుండుటచే చల్లగా నుండును. అడుగు మెత్తబడిన గుల్ల పేలుడు బలమునకు ఓర్చుకొనలేదు. మెడ మెత్తనగుట ఎంత యవసరమో అడుగు గట్టిగా నుండుట యంత యవసరము.

ఈ గుణమును శాస్త్రజ్ఞులకు నేర్పినవి మన దేశపు వానలే యన్న మీకు వింతగా నుండును. పూర్వము బ్రిటిషు సైన్యము మన దేశమున గుఱ్ఱపుసాలలయందు నిలువచేసిన తూటాలు వానకాలమున తమంత తామే పగులుచుండెను. ఋతువునుబట్టి వచ్చు పగులుగా దానికి పేరు పడినది. 1921లో మూరు, బెకిన్‌సేలు, మల్లిన్‌సను అను శాస్త్రజ్ఞులు కారణమును వివరించిరి. గుల్లను సాగదీసినప్పటి బిగువు ఇత్తడిలోపల దాగియుండును. గుఱ్ఱపు మూత్రమునుండి పుట్టు అమ్మోనియా దానికి తోడైనపుడు ఇత్తడి చీలును. మితమైన వేడితో ముందే ఆ బిగువును తీర్చినచో చీలిక రాదు. ఈ కారణముననే అమ్మోనియా గల మెఱుగుమందులతో గుల్లలను తోమరాదు. మన వంటింటి నిమ్మ ఉప్పు కలిపిన నీరు వానికి చాలును. అయితే తూటా సామాను కడిగిన గిన్నెను మరల వంటకు వాడరాదు. భోజనపు బల్లమీద ఈ పని చేయరాదు. పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. టోపీల మసిలో సీసముండును. అది పసిపిల్లలకు విషము.

ఈ పనియంతయు సాగుచుండగా బీరువా అడుగున ఒక చిన్న అట్టపెట్టె దొరకెను. అందు అవ్వగారి భర్త స్వహస్తములతో నింపిన తూటాలు 11 ఉన్నవి. గుల్లల అడుగున ".257 రాబర్ట్సు" అను అసలు పేరే యున్నది. ఆమె మొగము వెలిగెను. పెట్టెలోని చీటీ చెమ్మ తగిలి సిరా అలుకుకొనిపోయినది. తేదీ తప్ప మఱేమియు చదువరాలేదు. ఏ మందు, ఎంత తూకము, ఎట్టి గుండు? ఆయన లెక్కల పుస్తకములో ఆ తేదీ లేదు.

"వీనిని పేల్పరాదు" అని వృద్ధ సభ్యుడు చెప్పెను.

"ఆయన చేయి నేనెఱుగుదును. ఆయన ఏనాడును కొలత తప్పలేదు" అని ఆమె యనెను.

"ఆయనయందు నాకు సందేహము లేదమ్మా. ఆయన ఏ మందు ఎంత పోసెనో చెప్పువారు లేరు, అంతే."

ఆ సాయంకాలము ఆమె పెట్టెను తీసికొని లోనికి పోయెను. రెండు దినములు ఎవ్వరితోను ఆ మాట యెత్తలేదు. ఆ రెండు దినములును వంటింటి కిటికీలోనుండి నాకు ఆమె బల్లమీద ఆ పెట్టె కనబడుచునే యుండెను. భర్త చేతిపని యని దాచుకొనిన చాలదా యని నాకు తోచెను. కాని నింపిన తూటాను గుర్తుకొఱకు ఇంటిలో నుంచినచో నేడు కాకున్న రేపు ఎవరో యొకరు తుపాకిలో పెట్టుదురు. మూడవనాడు ఆమెయే నన్ను పిలిచి, "వానిని విప్పింపుము. బాలుని కన్నుకంటె నాకివి యెక్కువ కావు" అనెను.

సుత్తివంటి పనిముట్టులో తూటాను బిగించి కొయ్యదిమ్మమీద కొట్టగా గుండును మందును ఊడి వచ్చినవి. పదకొండుమారులు ఆ చప్పుడైనది. ఆమె ప్రక్కనే కూర్చుండి ఒక్కొక్క ఖాళీ గుల్లను అందుకొని తుడిచి వరుసగా పెట్టుచుండెను. మందును ఆరుబయట పలుచగా పరచి కాల్చివేసిరి. గుల్లలలో ఒకదాని మెడ చీలియున్నది; పది నిక్షేపముగా నున్నవి. "మనుమని కొఱకు మొదట ఈ పదింటినే నింపుదము" అని ఆమె చెప్పెను. అచ్చయిన గ్రంథములో చూచి, సంఘసభ్యుడు తూచుచుండగా ఆమె రెండవమారు తూకము చూచెను. ఆ పదింటికి ఒక పెట్టె. 7×57 అను పాత పేరు అడుగున నిలిచియున్న 41 క్రొత్త గుల్లలకు వేఱొక పెట్టె. అడుగున నొక పేరు, రూపమున నొక పేరు గల గుల్ల మఱియొక తుపాకివారి చేతబడినచో ప్రమాదము గనుక, ఆ పెట్టెమీద ఎఱ్ఱసిరాతో పెద్ద అక్షరములు వ్రాసెను. రెండు పెట్టెలలోను మందు పేరు, తూకము, తేదీ, నింపినవారి పేరు వ్రాసిన చీటీలను మైనపుకాగితమున చుట్టి పెట్టెను.

సోదరీమణులారా! మన యిండ్లలో తూటాలు లేవు. చీటీ లేని సీసాలు మాత్రము ఎన్నియో కలవు. అత్తగారు కాచిన తైలము, అమ్మమ్మ నూరిన చూర్ణము, వైద్యుడిచ్చిన మాత్రలలో మిగిలిన నాలుగు, అన్నియు ప్రేమచేత దాచుకొన్నవే. చేసిన చేయి మంచిదైనంత మాత్రమున లోపలి వస్తువు ఏమిటో, ఎంతటిదో, ఎన్నాళ్లదో మనకు తెలియదు. గుల్ల వారసత్వముగా వచ్చును, కొలత రాదు. కావున పెద్దలు ఉండగానే అడిగి వ్రాసికొనుడు. మీరు చేసినదానిమీద మీరును వ్రాసి పెట్టుడు. తెలియనిదానిని పారవేయుటకు మనసొప్పనపుడు పాత్రను కడిగి ఉంచుకొనుడు. పెద్దల జ్ఞాపకమునకు ఆ పాత్ర చాలును.