నీళ్లు తక్కువున్న ఇంట్లో ఏ మొక్క పెట్టుకోవాలె?

మా షోలాపూర్ పూర్వభాగంలో నల్లా నీళ్లు నాలుగైదు రోజులకు ఒకసారి వస్తాయి. వచ్చిన రోజు బిందెలు, డ్రమ్ములు, చివరికి నూనె డబ్బాలు కూడా నింపుకుంటం. ఇది మీకు తెలియని ముచ్చట కాదు.

మా చిన్న కోడలు కరీంనగర్ దిక్కు పల్లె నుంచి వచ్చింది. పెరడు, బావి ఉన్న ఇల్లు వాళ్లది. ఇక్కడ మాకున్నవి రెండే గదులు. పొద్దంతా గడప దగ్గర కూర్చొని బీడీలు చేస్తది. కంటికి ఆకు కనబడిందంటే అది తునికాకే. పోయినేడు తన బీడీల పైసల్లోంచి 120 రూపాయలు పెట్టి గులాబీ మొక్క తెచ్చుకుంది. ఎండాకాలంలో దానికి రోజూ నీళ్లు కావాలె. మా ఇంటామె, "మనుషులకే నీళ్లు లేవు, చెట్టుకు యాడికెళ్లి తెస్తవు పిల్లా?" అన్నది. పిల్ల ఎదురు చెప్పలేదు. మొక్క ఎండింది. కుండీ బోర్లించి మూలకు పెట్టింది. ఆ తర్వాత నెల దినాలు ఇంట్లో మాటే తగ్గించింది. అది నాకు మంచిగనిపియ్యలేదు.

ఇద్దరి మాటా నిజమే గదా! లూముల పని మానేసి ఖాళీగా ఉన్నోణ్ణి, గల్లీలన్నీ తిరిగి ఎవరింట్లో ఏ మొక్క ఏండ్ల తరబడి బతుకుతున్నదో చూసిన. నర్సరీవాడు చెప్పేదానికన్నా ఇదే నమ్మకం. కొనే పని కూడా లేదు, అడిగితే కొమ్మ ఇస్తరు.

మొదలు పెట్టేవాళ్లకు నేను చెప్పేది స్నేక్ ప్లాంటు. కత్తుల్లాగ నిటారుగా లేస్తది. వెలుతురు తక్కువున్న గదిలో కూడా ఉంటది. పదిహేను రోజులకు ఒకసారి నీళ్లు పోసినా చాలు. పెండ్లికని పది దినాలు ఊరికి పోయినా దానికి ఫరక్ పడదు. అది చచ్చేది ఎక్కువ నీళ్లతోనే. వేలు రెండో కణుపు దాకా మట్టిలో పెట్టి చూడాలె, తడి తగిలితే పొయ్యొద్దు. కలబంద కూడా ఇట్లాంటిదే, కాకపోతే కిటికీ పక్కన వెలుతురు కావాలె.

మనీప్లాంటు కొమ్మను కణుపు కింద కోసి సీసా నీళ్లల్లో పెడితే రెండు మూడు వారాల్లో వేర్లు వస్తయి. సీసా నీళ్లు వారానికొకసారి తప్పకుండ మార్చాలె, లేకుంటే డెంగీ దోమ గుడ్లు పెడుతది. ఆకు నమిలితే పిల్లలకు నోరు మండి వాస్తది, అందుకని ఎత్తు మీద పెట్టాలె.

పువ్వు కావాలన్నది మా కోడలు. ఎండ తగిలే గడప బయట బిళ్ళగన్నేరు పెట్టించిన. ఇక్కడ సదాఫులి అంటరు గదా, అదే. గులాబీకి అయ్యే నీళ్లల్లో సగం కూడా తాగదు. దాని ఆకు మాత్రం విషం, పిల్లలను నమలనియ్యొద్దు.

మట్టి సంగతి ముఖ్యం. మా దగ్గర నల్లరేగడి. తడిస్తే నీళ్లు విడువదు, ఎండితే పగుల్తది. సగం ఇసుక, కొంచెం మాగిన పెంటఎరువు కలపాలె. పెయింటు డబ్బా అయితే అడుగున మేకుతో నాలుగు బొక్కలు కొట్టాలె.

మొక్కలు గాలి శుభ్రం చేస్తయని పేపర్లల్ల రాస్తరు. పత్తి దుమ్ము మింగిన నా ఛాతికి కుండీతోని ఏ తేడా రాలేదు. గాలికి కిటికీ తెరవాలె, అంతే.

నీళ్లెక్కడివంటరా? బియ్యం, కూరగాయలు కడిగినవే. సబ్బు నీళ్లు వద్దు. ఆ గిన్నె ఇప్పుడు మా ఇంటామెనే తీసి పక్కకు పెడుతది. పిల్లతోని చెప్పదు గానీ, పొద్దుగాల చూస్తే కుండీల దగ్గర ఉంటది. వానలు పడ్డంక ఇంకో రెండు డబ్బాలు పెడుదామంటున్నది కోడలు. ఆ కాలంలోనే కొమ్మలు తొందరగా పట్టుకుంటయి.