ఈజార్ వెంట గతుకుల లెక్క

ఆస్ట్రియాలోని టిరోల్‌లో కార్వెండెల్ అనే సున్నపురాతి కొండల వరుస ఉంది. ఆ కొండల నడుమ హింటరౌ లోయలో ఈజార్ నది పుడుతుంది. అక్కడి నుంచి జర్మనీలోకి దిగి, బవేరియా మీదుగా సుమారు 295 కిలోమీటర్లు నడిచి, డెగ్గెన్‌డార్ఫ్ దగ్గర డాన్యూబ్‌లో కలుస్తుంది. గోదావరి పొడవులో అయిదో వంతు. పొడవు తక్కువైనా దూకుడుకు లోటు లేదు. కొండ నుంచి విరిగిపడ్డ బండలను దొర్లించి, ఒకదానితో ఒకటి రాపాడించి, మ్యూనిక్ చేరేసరికి వాటిని గుండ్రటి గులకరాళ్లుగా మారుస్తుంది. మ్యూనిక్ నగరమూ, దానికి ఉత్తరాన ఉన్న గార్చింగ్ పట్టణమూ నిలిచి ఉన్నది మంచుయుగాల నాటి ప్రవాహాలు అలా తెచ్చి పరిచిన కంకర మైదానం మీదే.

చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీ, ఏటి రేవులోకి దిగి ఇసుక ఎత్తుకొచ్చే టిప్పర్, సింగరేణి బొగ్గు తోలే బండి, వీటికి ఏ షాక్ అబ్జార్బర్లు వేయాలన్న ప్రశ్నను ఈ నది వెంట నడుస్తూ ఆలోచించాలని నా కోరిక. నదికీ లారీకీ ఉన్న చిక్కు ఒకటే గనుక: మీదికొచ్చిపడే శక్తిని ఎక్కడ ఖర్చుచేయాలి? కుదుపు దానంతటది మాయమైపోదు. షాకులోని నూనెను వేడెక్కించి అక్కడే చల్లారాలి. అలా చల్లారకపోతే కమాను పట్టీలోనో, ఛాసిస్‌లోనో, సరుకులోనో, డ్రైవర్ నడుములోనో దిగుతుంది. షాకులు ఎంచుకోవడమంటే ఆ కుదుపు ఎక్కడ దిగాలో మనమే తేల్చడం.

సరిహద్దు దాటగానే మిట్టెన్‌వాల్డ్. ఇటలీ నుంచి ఆల్ప్స్ దాటి వచ్చే పాత వర్తకపు దారి మీది ఊరు ఇది. వెనిస్‌తో తగవు వల్ల బోజెన్ పట్టణంలో జరగాల్సిన పెద్ద సంత 1487లో ఇక్కడికి తరలివచ్చింది. 1679 దాకా ఇక్కడే సాగింది. సుగంధ ద్రవ్యాలు, పట్టు, ద్రాక్షసారా బళ్ల మీద కొండ దారుల్లో వచ్చేవి. ఆ బళ్లకు స్ప్రింగులు లేవు. ప్రతి రాయి దెబ్బా ఇరుసు గుండా నేరుగా సరుకుకీ బండి తోలేవాడికీ తగిలేది. మిట్టెన్‌వాల్డ్‌లో సరుకును దుంగల తెప్పలకెక్కించి ఈజార్ మీద మ్యూనిక్ వైపు వదిలేవారు. రోడ్డు పెట్టే కుదుపును నీరు పెట్టదన్న సంగతి ఆనాటి వర్తకులకు లెక్కలతో పనిలేకుండానే తెలుసు.

దిగువన క్ర్యూన్ దగ్గర ఆనకట్ట కట్టి, నదిలోని నీటిలో చాలా భాగాన్ని వాల్చెన్ సరస్సుకు మళ్లించారు. అక్కడి జలవిద్యుత్ కేంద్రం 1924 నుంచి నడుస్తోంది. దాని వెనకున్న ఇంజనీరు ఓస్కార్ ఫాన్ మిల్లర్. మ్యూనిక్‌లో ఈజార్ లంకలో నిలిచిన డాయిచెస్ మ్యూజియం స్థాపకుడూ ఆయనే.

క్ర్యూన్ దాటి కొంత దూరం పోతే జిల్వెన్‌స్టైన్ జలాశయం వస్తుంది. 1959లో పూర్తయింది. పాత ఫాల్ గ్రామం దీని కింద మునిగింది. ఊరిని పైన కొత్తగా కట్టారు. దీని ముఖ్యమైన పని వరద నుంచి దిగువ ఊళ్లను కాపాడడం. 1999లో, 2005లో వచ్చిన పెద్ద వరదల్లో మ్యూనిక్‌కు అండగా నిలిచింది ఇదే. లారీ సస్పెన్షన్ అర్థం కావాలంటే ఈ కట్ట మీద కాసేపు నిలబడితే చాలు. జలాశయం వరదను పట్టి ఉంచుతుంది. లారీలో ఆ పని కమాను పట్టీలది. పట్టి ఉంచినదంతా ఒక్కసారి వదిలితే దిగువకు మళ్లీ ప్రమాదమే. అందుకే తూము కావాలి, ఎంత వదలాలో తెలిసిన తూము. లారీలో ఆ తూము షాక్ అబ్జార్బర్. లోపల పిస్టన్ కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల్లోంచీ వాల్వుల్లోంచీ పిండినట్టు వెళుతుంది. ఆ ఒరిపిడిలో కదలిక వేడిగా మారి గొట్టం గుండా గాలిలోకి పోతుంది.

ఈ పోలికతోనే, మన షెడ్లలో తరచూ వినబడే ఒక పొరపాటు అభిప్రాయం కూడా తొలగిపోతుంది. షాకు బరువు మోయదు. లారీ వెనక కిందికి కూర్చుంటోందని గట్టి షాకులు వేస్తే కూర్చోవడం ఆగదు. తూము ఎంత గొప్పదైనా జలాశయం పెద్దది కాదు. బరువుకు కమాన్లు చూసుకోవాలి, ఊపుకు షాకులు చూసుకోవాలి.

బాడ్ ట్యోల్జ్, వోల్ఫ్‌రాట్స్‌హౌజెన్ దాటి నది మ్యూనిక్ చేరుతుంది. ఇక్కడ పందొమ్మిదో శతాబ్దంలో నదిని నిటారు గట్ల మధ్య బిగించారు. 2000 నుంచి 2011 వరకు ఎనిమిది కిలోమీటర్ల మేర ఆ బిగింపును సడలించి, నదికి వెడల్పు ఇచ్చి, గులకరాళ్ల తిన్నెలను మళ్లీ పరిచారు. వరద వస్తే ఒళ్లు విరుచుకునే చోటు దొరికింది.

లారీ చరిత్రలోనూ ఈ ఊరిది పెద్ద వాటా. రుడాల్ఫ్ డీజిల్ ఇక్కడి సాంకేతిక విద్యాలయంలో కార్ల్ ఫాన్ లిండె దగ్గర చదివి 1880లో పట్టా తీసుకున్నాడు. ఆయన ఇంజన్‌కు ప్రాణం పోసిన మాన్ కంపెనీ 1955లో లారీల తయారీని మ్యూనిక్ శివారు ఆలాఖ్‌కు తెచ్చింది. ఇక మన లారీల సంగతికొస్తే, పాతవాటిలో చాలావాటికి ముందు ఇరుసుకే షాకులుండేవి, వెనక ఉండేవి కావు. అది కేవలం పొదుపు కోసం చేసింది కాదు. పది పన్నెండు పట్టీలు దొంతరగా పేర్చిన కమానులో పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడి ఉంటుంది. ఆ రాపిడే కొంత ఊపును చంపేది. ఇప్పుడు రెండు మూడు పట్టీల పారాబోలిక్ కమాన్లు వచ్చాయి. తేలికగా ఉంటాయి, మెత్తగా పనిచేస్తాయి. వాటిలో రాపిడి చాలా తక్కువ. గాలి బెలూన్ల సస్పెన్షన్‌లో అసలు లేనట్టే. ఇలాంటి బండ్లలో షాకు చచ్చిందంటే ఊపును ఆపేవాడు ఇంకెవడూ లేడు. కొత్త బండి కొన్న యజమాని పాత బండి అలవాటుతో షాకులను పట్టించుకోకపోవడం అందుకే నష్టం.

మ్యూనిక్ దాటి ఉత్తరానికి వెళితే ఎడమ గట్టున గార్చింగ్. 1957లో జర్మనీ తొలి పరిశోధనా అణు రియాక్టర్ ఇక్కడే పని మొదలుపెట్టింది. దాని గుడ్డు ఆకారపు గుమ్మటం ఊరి చిహ్నంలోకి ఎక్కింది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు మెకానికల్ విభాగం 1990లలో ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు మన తెలుగు పిల్లలూ యూ6 మెట్రో ఎక్కి ఇక్కడికి చదువుకోవడానికి వస్తున్నారు.

ఈ విశ్వవిద్యాలయంలో, ఆచార్య మార్కుస్ లీన్‌కాంప్ నడిపే వాహన సాంకేతిక విభాగం 2013లో ఒక పని తలపెట్టింది. ఆఫ్రికా పల్లెల్లో రైతు పంటను మట్టిరోడ్డు మీద సంతకు చేర్చే చిన్న ట్రక్కు కావాలి. దాని పేరు ఎకార్. విద్యుత్తుతో నడుస్తుంది, నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది, టన్ను బరువు మోస్తుంది. ఎనిమిదేసి కిలోవాట్ల మోటార్లు రెండు, 20 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, ఒక ఛార్జికి 80 కిలోమీటర్లు. 2017 జులైలో దీన్ని ఘానా తీసుకెళ్లి అక్కడి వేడిలో, అక్కడి దారుల మీద నడిపి చూశారు. ఆ సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ ప్రదర్శనలో ప్రపంచానికి చూపించారు. నన్ను ఆకట్టుకున్నది ఆ క్రమం. ముందు రోడ్డును చూశారు, మోయాల్సిన బరువును చూశారు, తర్వాతే బండిని గీశారు. షాకు కొనేటప్పుడు మనం పాటించాల్సిన క్రమమూ అదే. కంపెనీ పేరు చివర రావాలి.

మొదట చచ్చిన షాకును చదవాలి. పైన పల్చటి నూనె చెమ్మ ఉంటే ఫరవాలేదు. కారి, మట్టి అంటుకుని ముద్దకట్టి ఉంటే సీలు పోయినట్టు. రాడ్ మీద గీతలుంటే బురద, ఇసుక సీలును కోశాయి. గొట్టానికి సొట్టలుంటే రాళ్లు తగిలాయి. షాకును బిగించే కన్ను తెగినా, బ్రాకెట్ చిరిగినా తప్పు చాలాసార్లు పొడవుది: షాకు అందాల్సినంత సాగలేదు, లేదా ముడుచుకోవాల్సినంత ముడుచుకోలేదు. టైరు చుట్టూ గిన్నెల్లా అరుగుదల కనిపిస్తే చక్రం నేలను వదిలి ఎగురుతున్నట్టు. గతుకుల మీద కొంతసేపు నడిపి ఆపాక చెయ్యి దగ్గర పెట్టి చూడండి, కాలకుండా జాగ్రత్తగా. పనిచేసే షాకు వేడిగా ఉంటుంది. మిగతావి వేడెక్కి ఒకటి చల్లగా ఉందంటే అది పని మానేసింది.

తర్వాత కొలతలు. ఇరుసు పూర్తిగా పైకొచ్చి రబ్బరు దిమ్మకు తగిలినప్పుడు రెండు బిగింపుల మధ్య దూరం ఎంత? చక్రం గాలిలో వేలాడినప్పుడు ఎంత? షాకు పూర్తిగా ముడుచుకున్న పొడవు మొదటి కొలత కన్నా తక్కువ ఉండాలి. లేకపోతే రబ్బరు దిమ్మ కన్నా ముందు షాకే దెబ్బ తింటుంది. కమాన్ల బండికి సాగిన పొడవు రెండో కొలత కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. గాలి బెలూన్ల బండికి లెక్క వేరు. అక్కడ ఇరుసు కిందికి మరీ జారిపోకుండా ఆపేది చాలాసార్లు షాకే. అందుకే సాగిన పొడవు తయారీదారు చెప్పినట్టే ఉండాలి. పొడవైనది వేస్తే బెలూన్ చిరుగుతుంది. ఎత్తు పెంచిన బండికీ, అదనపు పట్టీ కట్టిన బండికీ పాత పార్టు నంబరు చెల్లదు, మళ్లీ కొలవాల్సిందే.

ఇక రకం. రెండు గొట్టాల షాకులో లోపలి గొట్టంలో పిస్టన్, బయటి గొట్టంలో మిగులు నూనె ఉంటాయి. ధర తక్కువ. బయటి గొట్టానికి సొట్ట పడినా పిస్టన్ నడుస్తూనే ఉంటుంది. కానీ వేడి త్వరగా బయటికి పోదు. ఆగకుండా ఊగితే నూనెలో గాలి కలిసి నురగ కడుతుంది. నురగ పట్టిన నూనెకు ఊపును పట్టే శక్తి పోతుంది. కొంచెం నైట్రోజన్ నింపిన రెండు గొట్టాల షాకు ఈ విషయంలో నయం. ఒకే గొట్టం రకాన్ని ఫ్రెంచ్ ఇంజనీరు ద కార్బోన్ రూపొందిస్తే, జర్మనీకి చెందిన బిల్‌స్టైన్ 1957లో మెర్సిడెస్ బెంజ్ కోసం పెద్ద ఎత్తున తయారీకి తెచ్చింది. ఇందులో నైట్రోజన్ 20 నుంచి 30 బార్ల పీడనంతో, తేలే పిస్టన్ అవతల నుంచి నూనెను నొక్కి ఉంచుతుంది. లారీ టైరులో ఉండేది ఎనిమిది బార్ల చుట్టుపక్కలే. నూనె నురగ కట్టదు, వేడి నేరుగా గాలికి పోతుంది. దీని బలహీనత కూడా ఆ గొట్టమే. పిస్టన్ దాని లోగోడ మీదే నడుస్తుంది గనుక రాయి తగిలి సొట్ట పడితే అక్కడే పట్టేస్తుంది.

కాబట్టి గంటల తరబడి గతుకుల మీద వేగంగా నడిచే బండికి ఒకే గొట్టం షాకు, దాని ముందు గట్టి రాతి కవచం. పదునైన రాళ్ల మధ్య నెమ్మదిగా పాకే క్వారీ టిప్పర్‌కు పెద్ద పిస్టన్ ఉన్న, తక్కువ పీడనపు నైట్రోజన్ నింపిన రెండు గొట్టాల షాకు. ఇది నా సలహా. ఏ రకమైనా, ఒక ఇరుసుకు రెండువైపులా జతగానే మార్చాలి. బుష్‌లు, బోల్టులు కూడా కొత్తవే వేయాలి.

గార్చింగ్ దాటాక నది ఫ్రైజింగ్, మోస్‌బుర్గ్ మీదుగా లాండ్స్‌హూట్ వైపు సాగుతుంది. దారి పక్కన పొలాల్లో కంకర బాటలు కనిపిస్తాయి. కంకర, మట్టి బాటల మీద అలలు ఎందుకు లేస్తాయన్నది శాస్త్రవేత్తలనూ ఆకర్షించిన ప్రశ్న. టాబెర్లె, మోరిస్, మెక్‌ఎల్వేన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2007లో ఇసుక పరుపు మీద చక్రాన్ని తిప్పి చూశారు. ఒక వేగం దాటితే స్ప్రింగు లేకపోయినా అలలు పుడతాయని తేల్చారు. అలాంటి బాట మీద అలకూ అలకూ మధ్య 80 సెంటీమీటర్లు ఉండి, బండి గంటకు 36 కిలోమీటర్లతో పోతుంటే చక్రం సెకనుకు 12.5 సార్లు ఎగిరిపడుతుంది. గంటకు 45,000 సార్లు. లారీ ఇరుసు తనంతట తాను ఎగిరే లయ కూడా సెకనుకు పది చుట్టుపక్కలే. రెండు లయలూ దగ్గరపడినచోట షాకుకు అసలు పరీక్ష.

షాకు ఎంత బిగువుగా ఉండాలన్న విషయం ఇక్కడే తేలుతుంది. సాగేటప్పటి బిగువు మరీ ఎక్కువైతే ఒక గుంతలో ముడుచుకున్న కమాను తిరిగి విచ్చుకునేలోపే తర్వాతి గతుకు వస్తుంది. బండి మెల్లమెల్లగా కిందికి దిగి రబ్బరు దిమ్మ మీద కూర్చుంటుంది. ముడుచుకునేటప్పటి బిగువు ఎక్కువైతే ప్రతి రాయీ క్యాబిన్‌లోకి తన్నుతుంది. అందువల్ల అన్నిటికన్నా గట్టిది మంచిదన్న నమ్మకం తప్పు. కమాను గట్టిపడినప్పుడు మాత్రం అది వెనక్కి కొట్టే దెబ్బను పట్టడానికి సాగేటప్పటి బిగువు పెరగాలి.

లాండ్స్‌హూట్ దిగువన డింగోల్ఫింగ్. ఒకప్పుడు హన్స్ గ్లాస్ కంపెనీ గోగోమొబిల్ అనే చిన్నకారు చేసిన ఊరు, నేడు బీఎండబ్ల్యూ పెద్ద కర్మాగారం ఉన్న ఊరు. అక్కడి నుంచి దారిలోకి వచ్చే లారీలకు యూరప్ చట్టం ఒక మంచి బేరం పెట్టింది. 1996 నాటి ఆదేశం ప్రకారం మూడిరుసుల లారీకి మొత్తం బరువు పరిమితి 25 టన్నులు. నడిపే ఇరుసుకు జంట టైర్లు, గాలి సస్పెన్షన్ లేదా దానికి సమానమైనది ఉంటే 26 టన్నులు. సమానం అనిపించుకోవాలంటే బండి ఊపు సెకనుకు రెండుసార్లు మించకూడదు, ఊపును అణచే గుణం పూర్తి అణచివేతకు కావాల్సినదానిలో 20 శాతం దాటాలి. షాకులు తీసేసి పరీక్షిస్తే ఆ గుణం సగానికి మించి మిగలకూడదు. అంటే పని కనీసం సగమైనా షాకే చేయాలని చట్టమే చెబుతోంది. కారణం రోడ్డు. అమెరికాలో 1958 నుంచి 1960 వరకు జరిగిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు తీసిన లెక్క ప్రకారం ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం పదహారు రెట్లవుతుంది. ఎగిరిపడే చక్రం ఆ క్షణంలో తన బరువు కన్నా ఎక్కువ బరువుతో నేలను కొడుతుంది. చచ్చిన షాకుతో తిరిగే లారీ తన తర్వాత వచ్చే లారీకి గుంత తవ్విపెడుతుంది.

ప్లాట్లింగ్ దాటాక గట్లు దూరమవుతాయి. నది అడవుల మధ్య పాయలుగా విడిపోయి, నెమ్మదించి, డాన్యూబ్‌లో కలుస్తుంది. కార్వెండెల్‌లో బండలను దొర్లించిన శక్తి దారిపొడవునా కొంచెం కొంచెంగా ఖర్చయిపోయింది. కొంత కంకరలో, కొంత కరెంటులో, కొంత తిన్నెల మీద.

మన లారీ విషయంలో ఆ ఖర్చు ఇప్పటికీ ఎక్కువగా మనిషి ఒంట్లో జరుగుతోంది. యూరప్‌లో 2002 నాటి ఆదేశం ఎనిమిది గంటల పనిలో డ్రైవర్ ఒంటికి తగిలే కంపనానికి 1.15 మీటర్లు/సెకను² అనే గరిష్ఠ హద్దు పెట్టింది. 0.5 దాటగానే యజమాని చర్య తీసుకోవాలి. నడుము నొప్పి అక్కడ లెక్కలోకి వచ్చింది. మన దగ్గర డ్రైవర్ నడుము పట్టేస్తే వయసైపోయిందంటాం. టైరు పేలితే, సరుకు పగిలితే మాత్రం ఖర్చు రాసుకుంటాం.

అందుకే లారీ యజమానులకు నా మనవి. టైర్లు కొన్నంత శ్రద్ధగా షాకులు కొనండి. కొనే ముందు ఆ బండిని రోజూ నడిపేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ వేగంలో ఊగుతోంది, ఏ గుంతలో తన్నుతోంది, బరువుతోనా ఖాళీగానా అని అడగండి. కొలతలూ రకమూ బిగువూ మేస్త్రీ చూసుకుంటాడు. కానీ ఇప్పటిదాకా ఆ కుదుపు ఎక్కడ దిగుతోందో సరిగ్గా చెప్పగలిగేది డ్రైవర్ ఒక్కడే.