మేనేజర్ని మారిస్తే మ్యాచ్ గెలుస్తామా?

ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి ఓ అలవాటుంటుంది. వరసగా నాలుగు మ్యాచులు పోయాయా, ఇక "ఈ మేనేజర్ని పీకేయండి" అని మొదలుపెడతారు. నేనేం మినహాయింపు కాదు. రాత్రి ఒంటిగంటన్నరకి మొదలయ్యే మ్యాచ్ కోసం మేలుకుని, మాంచెస్టర్ యునైటెడ్ ఓడిపోవడం చూసి, పొద్దున్నే ఎర్రకళ్ళతో స్టాండప్ మీటింగులో నిలబడి, మనసులో మేనేజర్ని (క్లబ్బు మేనేజర్నే లెండి!) ఎన్నిసార్లు ఇంటికి పంపానో లెక్కలేదు.

ఇలా అన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఫెర్గూసన్ కథ ఎత్తుకుంటారు. 1986 నవంబరులో వచ్చాడాయన. లీగులో వరసగా 11, 2, 11, 13 స్థానాలు. 1989 సెప్టెంబరులో సొంతూరి ప్రత్యర్థి సిటీ చేతిలో 5-1 తో చిత్తు. 1990 జనవరిలో ఎఫ్ఏ కప్పులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ కొట్టిన ఒక్క గోలుతో గట్టెక్కారు, ఆ ఏడాది కప్పు కూడా గెలిచారు. ఆ తర్వాత 2013 లో రిటైరయ్యేలోపు 13 లీగు టైటిళ్ళు. "చూశారా, ఓపిక పడితే ఎంత ఫలితమో!" అని నీతి చెప్పి కథ ముగిస్తారు.

బానే ఉంది. కానీ ఓపిక పట్టి మునిగిపోయిన క్లబ్బుల కథలు ఎవరూ చెప్పరు కదా? 2016-17 లో సండర్లాండ్ సీజనంతా డేవిడ్ మోయెస్‌నే నమ్ముకుంది. 24 పాయింట్లతో అట్టడుగున నిలిచి కింది డివిజనుకి పడిపోయింది. గెలిచినవాళ్ళని మాత్రమే లెక్కేసుకుంటే ఏ సిద్ధాంతమైనా నిజమైపోతుంది.

అదే ఏడాది లెస్టర్ సంగతి చూడండి. 5000కి 1 పందెం ఉన్న జట్టుని 2016 లో ఛాంపియన్ చేశాడు రానియెరి. పది నెలలు తిరక్కుండానే, 2017 ఫిబ్రవరిలో, తీసేశారు. ఏరు దాటాక తెప్ప తగలేశారని లోకమంతా తిట్టింది, నేనూ తిట్టాను. కానీ ఆయన అసిస్టెంటు షేక్‌స్పియర్ వచ్చాక లీగులో వరసగా ఐదు మ్యాచులు గెలిచి 12వ స్థానంలో తేలారు. ఇప్పుడు తప్పు ఎవరిదందాం? మొత్తం 20 జట్లలో ముగ్గురు కిందికి పోవాల్సిందే. పైన ఉంటే ఆఖరి జట్టుకి కూడా ఈమధ్య ఏడాదికి 100 మిలియన్ పౌండ్లకి పైగా వస్తోంది. ఆ భయంలో ఉన్న ఓనర్ని మరీ తప్పుపట్టలేం.

అయితే కొత్త మేనేజర్ రాగానే వచ్చే ఊపుని కూడా పూర్తిగా నమ్మకూడదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదటి నెల అందరూ పరిగెడతారు. బర్న్‌లీ 2022 ఏప్రిల్లో, ఇంకా ఎనిమిది మ్యాచులుండగా, దాదాపు పదేళ్ళ నుంచి ఉన్న షాన్ డైచ్‌ని తీసేసింది. మొదటి నాలుగు మ్యాచుల్లో 10 పాయింట్లొచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ పాత పాటే, చివరికి రెలిగేషన్. ఇదే క్లబ్బు 2015 లో కిందికి పడినప్పుడు అదే డైచ్‌ని ఉంచుకుని, మరుసటి ఏడాదే రెండో డివిజను గెలిచి పైకొచ్చింది!

1986 నుంచి 2004 దాకా డచ్ లీగు లెక్కలు తీసి బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనం ఒకటుంది. మేనేజర్ని తీసేసిన జట్లనీ, అంతే ఘోరంగా ఆడుతూ కూడా తీసెయ్యని జట్లనీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే కంట్రోల్ గ్రూప్ పెట్టి టెస్ట్ చేస్తే, ఫిక్స్ వల్ల బగ్ పోలేదని తేలింది.

మరి ఏం చేయాలి? నా ఉద్దేశంలో పాయింట్ల పట్టిక చూసి కాదు, పట్టికలో కనబడనిది చూసి నిర్ణయించాలి. ఫెర్గూసన్‌ని బోర్డు గుడ్డిగా నమ్మలేదు. కింద కుర్రాళ్ళ వ్యవస్థని ఆయన మళ్ళీ కడుతుండటం వాళ్ళకి కనబడుతోంది. పద్నాలుగేళ్ళ గిగ్స్‌ని 1987 లోనే పట్టుకొచ్చారు మరి. అలాంటిదేదైనా కనబడితే ఉంచండి, లేకపోతే మర్యాదగా పంపండి. అటూ ఇటూ కాకుండా ఉండటమే అన్నిటికంటే చెడ్డది. 2024 జులైలో యునైటెడ్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించింది, అక్టోబరులో తీసేసింది. 2013 నుంచి 2024 లోపు ఆరుగురు మేనేజర్లు, 2024-25 లో 15వ స్థానం. మారనిది ఏమిటో ఆలోచించండి.

ఇంత తెలివిగా చెప్తున్నా గానీ, నా వంతు వచ్చినప్పుడు నేనూ తేలిగ్గా తేల్చేశాను. కొన్నేళ్ళ క్రితం మా ప్రాజెక్టు రిలీజు రెండుసార్లు వాయిదా పడింది. పైవాళ్ళు ఒక్కొక్కర్నీ పిలిచి అడిగితే "సమస్య మేనేజరేనండీ" అన్నవాళ్ళలో నేనొకణ్ణి. ఆయన్ని తప్పించారు. కొత్తాయన వచ్చాక మొదటి నెల శనివారాలు కూడా హుషారుగా పనిచేశాం. మూడో నెల రిలీజు మళ్ళీ జారిపోయింది. ఎందుకా అని పాత మెయిళ్ళు తవ్వితే, వెళ్ళిపోయిన ఇద్దరు సీనియర్ల స్థానంలో మనుషుల్ని ఇమ్మనీ, సరైన టెస్ట్ సర్వర్ ఇమ్మనీ పాతాయన ప్రతి వారం అడుగుతూనే ఉన్నారు. ఆ మెయిళ్ళన్నిటికీ సీసీలో నా పేరూ ఉంది. ఒక్కటీ తెరిచి చూళ్ళేదు.

ఆయనకి ఫోన్ చేసి సారీ చెబుదామని చాలాసార్లు అనుకున్నా. ఇంతవరకూ చెయ్యలేదు.