యంత్రానికి 'అండీ' అనవలెనా?

'నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది' అన్నారు పెద్దలు. వినేవారందరూ మనుషులే అయిన కాలంలో పుట్టిన సామెత అది. ఈనాడు మన మాట వినడానికి ఒక క్రొత్త శ్రోత వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగినదానికెల్లా వాక్యాలు కూర్చి బదులిచ్చే యంత్రం విద్యార్థి ఫోనులోకీ, అధ్యాపకుని బల్లమీదికీ చేరింది. దానితో మర్యాదగా మాట్లాడవలెనా అన్న ప్రసంగం ఒకనాడు మా స్టాఫ్‌రూములో వచ్చినప్పుడు, "గడియారానికి సలాము చేస్తామా?" అని నవ్వినవాడిని నేనే. ఆ నవ్వు ఎక్కువకాలం నిలువలేదు.

ఇంగ్లీషులో 'రైట్' అన్న ఒక్క క్రియ ఆజ్ఞకూ, మనవికీ సరిపోతుంది. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. 'వ్రాయి' అనాలి, లేదా 'వ్రాయండి' అనాలి. నోరు తెరవగానే ఎదుటివారి స్థానాన్ని నిర్ణయించక తప్పదు. మా ఇంటి భాష అయిన ఉర్దూలో మెట్లు మూడు: తూ, తుమ్, ఆప్. వాకిట నిలిచిన ఫకీరుకు పెట్టడానికి ఏమీ లేనినాడు కూడా మా అమ్మ 'పో' అన్నది ఎరుగను. "మాఫ్ కరో బాబా" అనేది. చేతిలో లేకపోయినా నోటిలో ఉండాలన్నది ఆమె నేర్పిన తొలి పాఠం.

ఇంతటి పాఠం నేర్చినవాడిని, మొన్న పరీక్షల రోజులలో ఏమి చేశానో చెప్పక తప్పదు. ప్రశ్నపత్రం తయారుచేస్తూ ఆ యంత్రాన్ని సాయమడిగాను. "వ్రాయి. ఇది కాదు. మళ్ళీ వ్రాయి. తప్పు, తీసెయ్యి." గంటసేపు ఇదే ధోరణి. యంత్రం మాత్రం ప్రతిసారీ క్షమాపణ చెప్పి, నన్ను 'మీరు' అనే సంబోధించింది. అంతలో మా అటెండరు సర్క్యులరు పుస్తకం పట్టుకొని వచ్చారు. నా తండ్రి వయసువారు. నేను ఉద్యోగంలో చేరిన దినం స్టాఫ్‌రూముకు దారి చూపినవారు. నేను ఏనాడూ 'చాచా' అని తప్ప పిలువలేదు. తల ఎత్తకుండానే, "అక్కడ పెట్టు, పో" అన్నాను.

ఆయన పుస్తకం బల్లమీద పెట్టి మౌనంగా వెళ్ళిపోయారు. తలుపు మూసుకున్న తరువాతగాని నా మాట నా చెవిని పడలేదు. యంత్రమూ నన్ను ఏమీ అనలేదు, చాచా కూడా ఏమీ అనలేదు. కాని ఆ రెండు మౌనాలూ ఒకటి కావు. ఒకదాని వెనుక ఏ బాధా నాకు కనిపించలేదు. రెండవదాని వెనుక ఒక వృద్ధుని మనసు ఉన్నది. వరండాలోకి వెళ్ళి క్షమించమన్నాను. "కోయీ బాత్ నై సాబ్, కామ్ మే థే ఆప్" అన్నారు. ఆ 'ఆప్' నన్ను మరింత సిగ్గుపరచింది.

అయితే రెండవ ప్రక్కన ఒక హెచ్చరిక ఉన్నది. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు 'ఎలైజా' అనే సంభాషణ యంత్రాన్ని ప్రకటించాడు. మనం అన్న మాటనే త్రిప్పి ప్రశ్నగా అడగడం దాని విద్య. అది తయారవుతుండగా నెలల తరబడి చూచిన ఆయన కార్యదర్శే, దానితో మాట్లాడుతూ ఆయనను గది విడిచి వెళ్ళమన్నదట! ఇంత తేలికగా మనుషులు భ్రమపడటం చూచి కలవరపడిన ఆయన, 1976లో ఆ విషయమై ఒక గ్రంథమే వ్రాశాడు. మర్యాద ముదిరి మమకారమైతే ప్రమాదమే. ఖర్చు మాట కూడా ఉన్నది. ఈ మర్యాద మాటల వల్ల ఎంత విద్యుత్ ఖర్చవుతున్నదని 2025లో ఒకరు అడిగితే, చాట్‌జీపీటీ సంస్థ అధిపతి సామ్ ఆల్ట్‌మన్ కోట్ల డాలర్లనీ, అది సద్వ్యయమేననీ కొంత హాస్యంగా బదులిచ్చాడు.

మరి దారి ఏది? తెలుగు అధ్యాపకుడిని గనుక వ్యాకరణాన్నే ఆశ్రయించాను. చిన్నయసూరి నామాలను మహత్తులనీ, అమహత్తులనీ విభజించాడు. యంత్రం నిస్సందేహంగా అమహత్తు. కనుక దానిని గురించి చెప్పేటప్పుడు 'అది చెప్పింది' అంటాను. 'వారు సెలవిచ్చారు' అనను. దాని మాటను పరీక్షించకుండా నమ్మను, నా గుండెలోని గుట్టు దానికి విప్పను. కాని దానితో మాట్లాడేటప్పుడు 'వ్రాయండి' అనే అంటాను. ఆ 'అండి' దాని గౌరవం కోసం కాదు, నా అలవాటు చెడకుండా ఉండటం కోసం. మనిషికొకటి, యంత్రానికొకటి అని మనకు రెండు నాలుకలు లేవు కదా!

విద్యార్థి మిత్రులారా! ఎంత కసిరినా నొచ్చుకోని సేవకుడు మీ అందరి చేతిలోనూ ఉన్నాడు. వానితో మాట్లాడిన నోటితోనే మీరు ఇంటికి వెళ్ళి అమ్మతో మాట్లాడాలి, బస్సులో కండక్టరుతో మాట్లాడాలి, మా చాచాతో మాట్లాడాలి. ఆ నోటిని కాపాడుకోండి.