ఆకాశరామన్నకు ఫోనొచ్చింది

ఆకాశరామన్న మీకు తెలుసు కదూ? పేరుండదు, ఊరుండదు, ఉత్తరం మాత్రం ఉంటుంది. పెళ్లి సంబంధం చెడగొట్టాలన్నా, ఆఫీసులో పక్క సీటాయన మీద పితూరీ చెప్పాలన్నా పాపం ఎంత అవస్థ పడేవాడు! ఎడమ చేత్తో రాయాలి, పక్క పేటకు వెళ్లి పోస్టుడబ్బాలో వేయాలి. ఇప్పుడా బాధ లేదు. ఫోన్లో అభిమాన హీరో బొమ్మ పెట్టుకుని, ఓ మారుపేరు తగిలించుకుంటే సరి. (నాకూ ఒకటుంది. ఏమిటో చెప్పను!)

ముఖం చాటున ఉన్నప్పుడే మనిషి మనసులో మాట రాస్తాడంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మాది గాంధీనగర్. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు నడిచి వెళ్లొచ్చు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య 70 ఎం.ఎం. దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ ఆటకు తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది. కొడుకు ప్రాణాలతో బయటపడ్డా నెలల తరబడి ఆస్పత్రిలోనే ఉన్నాడు. మర్నాడు పొద్దున ఇరానీ హోటల్లో మా కింది వాటా అన్న చాయ్ ముందు పెట్టుకుని ముట్టలేదు. "పిల్లగాడు ఎట్లున్నడో తమ్మీ!" అని కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు. నటుల్ని చూసి రాసే పని నాది, ఆ మాత్రం తెలుస్తుంది.

13న అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు. ఒక రాత్రి చంచల్‌గూడ జైల్లో ఉండి, మర్నాడు మధ్యంతర బెయిలు మీద బయటికొచ్చారు. ఇక రాతలు చూడాలి! ఫోన్ తెరిస్తే సెగ. అందులో ఒకదాని దగ్గర ఆగిపోయాను. "అసలు ముచ్చటేందంటే, అర్ధరాత్రి ఆటకు పిల్లల్ని ఏసుకొని పోయిన తల్లిదే తప్పు."

'అసలు ముచ్చటేందంటే' అనకుండా మా అన్న పాల ప్యాకెట్ కూడా కొనడు. దస్తూరి మార్చుకోవచ్చు గానీ ఊతపదం ఎక్కడికి పోతుంది? అన్నట్టు, ఆ ఆట అర్ధరాత్రిది కాదు, తొమ్మిదిన్నరది. కోపం టిక్కెట్టు చూడదు గదా.

"నువ్వేనా అన్నా?" అని అడిగేశాను. బుకాయించలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మా పాప నాలుగేండ్లది అప్పుడు. గీ రోడ్డు మీదనే, కొత్త సిన్మా రిలీజు రోజు. నా చెయ్యి ఇడిసిపెట్టింది. ఐదు నిమిషాలు దొరకలే. ఇంట్ల ఇప్పటికీ చెప్పలే. గా తల్లిని తిడితే నేను మంచి తండ్రిని అయితనేమో అనిపించింది తమ్మీ."

జాలేసింది. రాసిన మాటలో ఉన్నది ద్వేషం కాదు, పాత భయం అనుకుని ఇంటికొచ్చాను.

రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఆటకు తండ్రి కూడా వెళ్లాడు గదా! భార్యాభర్తలు, పిల్లలు కలిసే వెళ్లారు. మా అన్న పాపను జారవిడిచింది తండ్రిగానే. భయం అతనిదే, సరే. మరి తిట్టు తల్లికే ఎందుకు తగిలింది? తండ్రి మాట అతనికి తట్టనే లేదేం? కిందికెళ్లి అడుగుదామని లేచాను కూడా.

అంతలో నేను రాసి, పంపకుండా వదిలేసిందొకటి గుర్తొచ్చింది. డిసెంబరు 5న రాసింది. పత్రిక కోసం కాదు, ఊరికే. ఫోన్ తీసి చూశాను.

'ఆ తల్లి కాస్త ఆలోచించాల్సింది' అని ఉంది. పైన పేరు నాది కాదు.